మీకు తెలుసా? న్యూట్రినోల వేటలో మన వాటా

న్యూట్రినోలు, డార్క్ మ్యాటర్, వాటిని పట్టే డిటెక్టర్లు అనగానే మనకు స్విట్జర్లాండో జపానో గుర్తొస్తుంది. కానీ ఈ కథలో తొలి పేజీలు కొన్ని మన పొరుగునే రాశారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఫిజిక్స్ చదువుకునే పిల్లలకు ఈ సంగతులు తెలియాలన్న ఆరాటంతో కొన్నింటిని ఇక్కడ పోగుచేశాను.

● కోరుట్లలో అర్ధరాత్రి ఊరంతా నిద్రపోయాక కూడా సూర్యుడి నుంచి వచ్చేవి వస్తూనే ఉంటాయి. సూర్యగర్భంలో హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు పుట్టే న్యూట్రినోలనే విద్యుదావేశం లేని చిన్న కణాలు సెకనుకు ఒక్కో చదరపు సెంటీమీటరులో, అంటే బొటనవేలి గోరంత చోటులో, దాదాపు 6,500 కోట్లు దూసుకుపోతుంటాయి. పగలైతే నెత్తిమీది నుంచి వస్తాయి. రాత్రయితే భూమికి అటువైపు పసిఫిక్ మహాసముద్రంలో దిగి, దాదాపు 12,700 కిలోమీటర్ల రాయీ ఇనుమూ దాటుకుని మంచం కింది నుంచి పైకి వస్తాయి. ఎన్ని వస్తాయన్న లెక్కలో రాత్రికీ పగటికీ పెద్ద తేడా ఉండదు. భూమి మొత్తం అడ్డమున్నా వాటికి పట్టదు.

ఇంకో సంగతి. సూర్యుడి నడిబొడ్డున పుట్టిన వెలుగు అక్కడి కణాలకు తగిలి తగిలి పైకి చేరేసరికి వేల ఏళ్లు గడిచిపోతాయి. న్యూట్రినో రెండు మూడు సెకన్లలో బయటపడి, ఎనిమిదిన్నర నిమిషాల లోపే మన దగ్గరుంటుంది. సూర్యుడి లోపల ఇవాళ ఏం జరుగుతోందో చెప్పగలిగేవి న్యూట్రినోలే.

● మనం కూడా న్యూట్రినోలను వెదజల్లుతుంటాం. ఒంట్లోని పొటాషియంలో అతి కొద్ది భాగం రేడియోధార్మికమైన పొటాషియం-40. పెద్ద మనిషి ఒంట్లో అది సెకనుకు సుమారు 4,000 సార్లు విచ్ఛిన్నమవుతుంది. ప్రతిసారీ ఒక న్యూట్రినోనో యాంటీన్యూట్రినోనో బయటికి పోతుంది. రోజుకు లెక్కేస్తే ముప్పై కోట్లు దాటుతాయి. ఇది పుట్టుక నుంచీ ఉన్నదే, భయపడాల్సిందేమీ లేదు.

● మన ఉమ్మడి కరీంనగర్ గుట్టలూ అంతే. ఇక్కడి టాన్ బ్రౌన్ గ్రానైట్ దేశదేశాలకు వెళ్తుంది. ఏ గ్రానైట్‌లోనైనా కొంచెం యురేనియం, కొంచెం థోరియం, కొంచెం పొటాషియం ఉంటాయి. అవి క్షయమవుతున్నప్పుడు యాంటీన్యూట్రినోలు వెలువడతాయి. నేల లోపలి నుంచి వచ్చే ఈ కణాలను జపాన్‌లోని కామ్‌ల్యాండ్ డిటెక్టర్ 2005లో మొదటిసారి గుర్తించింది. భూమి లోపలి నుంచి బయటికొచ్చే వేడిలో దాదాపు సగం ఈ రేడియోధార్మికత వల్లే పుడుతోందని తర్వాతి కొలతల నుంచి తేలింది.

● వేసవిలో ఆరుబయట ఆరడుగుల మంచం వేసుకుని పడుకుంటే, ఆ మంచం మీద సెకనుకు రెండు వందలకు పైగా మ్యువాన్లు పడుతుంటాయి. విశ్వకిరణాలు పైన గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే కణాలివి. నేల మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒకటి చొప్పున దిగుతాయి. మ్యువాన్ సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతుల్లో రెండు వంతులు, ఆపైన కొంచెం. మామూలు లెక్కన చూస్తే అది 700 మీటర్లు కూడా దాటకుండానే అంతం కావాలి. అయినా పదిహేను కిలోమీటర్ల ఎత్తు నుంచి నేల దాకా వస్తుంది. వేగంగా పోయేదానికి కాలం నెమ్మదిగా గడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పిన మాటకు ఇది రుజువు.

ఈ మ్యువాన్లే న్యూట్రినోలను వెతికేవాళ్లకు పెద్ద అడ్డంకి. వాటి రద్దీలో న్యూట్రినో జాడ పట్టుకోలేం. అందుకే భూమిలోకి దిగాలి. ఎంత లోతుకు దిగితే అంత మంచిది.

● విశ్వకిరణాలు ఢీకొన్నప్పుడు గాలిలో పుట్టే న్యూట్రినోను మనిషి మొదటిసారి పట్టుకున్న చోట్లు ప్రపంచంలో రెండే. ఒకటి దక్షిణాఫ్రికాలోని బంగారు గని. రెండోది మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆవల ఉన్న కోలార్ బంగారు గని. ఆ బంగారు రాతిపట్టీ కుప్పం వైపుగా మన నేలలోకి కూడా సాగుతుంది. చిగురుగుంట, బిసానత్తం గనులు దాని మీదివే.

కోలార్‌లో 1960 ప్రాంతంలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు వేరే పని మీద గనిలోకి దిగారు. బి.వి. శ్రీకంఠన్, పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం వంటివాళ్లు ఆ బృందంలో ముఖ్యులు. ఎంత లోతుకు పోతే మ్యువాన్లు ఎంత తగ్గుతాయో కొలవడం వాళ్ల పని. మెట్టు మెట్టుగా దిగుతూ కొలిచారు. దాదాపు 2,700 మీటర్ల లోతున పరికరం పెట్టి రెండు నెలలు కాపలా కాస్తే ఒక్క మ్యువాన్ కూడా రాలేదు. ఇంకొకరైతే పరికరం సర్దుకుని పైకి వచ్చేసేవాళ్లే. ఆ నిశ్శబ్దంలోనే న్యూట్రినో దొరుకుతుందని వీళ్లు కనిపెట్టారు. ఈ పరిశోధన మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

తర్వాత జపాన్‌లోని ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీ చేతులు కలిపాయి. ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున డిటెక్టర్లు నిలబెట్టారు. వాటిని గోడల్లా నిలువుగా కట్టడంలో కిటుకుంది. మిగిలిన ఒకటీ అరా మ్యువాన్లు వస్తే నెత్తిమీది నుంచే రావాలి, ఎందుకంటే పక్కల నుంచి వచ్చేదానికి ఇంకా ఎన్నో రెట్లు రాయి అడ్డం. కాబట్టి పక్కనుంచి గోడను చీల్చుకుని పోయే మ్యువాన్ కనిపిస్తే, దాన్ని ఆ దగ్గరి రాతిలోనే ఓ న్యూట్రినో పుట్టించి ఉండాలి. కణం తగిలితే మెరిసే ప్లాస్టిక్ సింటిలేటర్ పలకలు రెండు వైపులా పెట్టారు. వాటి మధ్య నియాన్ గొట్టాల వరసలు పెట్టారు. కణం ఏ గొట్టాల మీదుగా పోతే అవి వెలిగేవి, వాటిని బట్టి దారి తెలిసేది. రాతి వేడి, రాళ్లు ఉన్నట్టుండి పేలే ప్రమాదం ఉన్న గనిలో ఈ పని చేశారు.

1965లో దొరికింది. కోలార్ బృందం పత్రం ఆగస్టు 15న అచ్చయింది. దక్షిణాఫ్రికాలో పనిచేసిన ఫ్రెడరిక్ రైనెస్ బృందం పత్రం ఆగస్టు 30న వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే కణాన్ని ముందు చూసింది రైనెస్ బృందమే, ఫిబ్రవరిలో. లోకానికి ముందు చెప్పింది కోలార్ బృందం. రియాక్టర్ పక్కన యాంటీన్యూట్రినోను 1956లోనే పట్టినందుకు రైనెస్‌కు 1995లో నోబెల్ వచ్చింది. కోలార్‌లో దిగినవాళ్ల పేర్లు మన కాలేజీల్లో ఎంతమందికి తెలుసు?

● న్యూట్రినో ఊహ పుట్టడానికి కారణమైన బీటా కిరణాల మీద మన భీమవరం దగ్గరి సన్యాసి ఒకరు పరిశోధన చేశారు.

ముందు ఆ బీటా కథ. 1914లో జేమ్స్ చాడ్విక్ బెర్లిన్‌లో ఓ చిక్కు బయటపెట్టాడు. బీటా క్షయంలో బయటికొచ్చే ఎలక్ట్రాన్లన్నిటికీ ఒకే శక్తి ఉండాలి, కానీ రకరకాలుగా ఉంది. మిగతా శక్తి ఎక్కడికి పోతోంది? శక్తి నిత్యత్వ సూత్రమే తప్పేమోనని నీల్స్ బోర్ అంతటివాడు అనుమానపడ్డాడు. 1930 డిసెంబరులో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఓ ఉత్తరం రాశాడు. కంటికి కనపడని, విద్యుదావేశం లేని ఓ చిన్న కణం ఆ శక్తిని పట్టుకుపోతోందేమో అన్నాడు. అదే న్యూట్రినో.

ఇక మన సన్యాసి. గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు ఇల్లు విడిచి, స్వామి జ్ఞానానంద అయ్యారు. వేదాంతం చెప్పడానికి ఐరోపా వెళ్లి అక్కడ భౌతికశాస్త్రంలో పడ్డారు. ప్రాగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాల మీద పనిచేసి 1936లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆపైన లివర్‌పూల్‌లో అదే చాడ్విక్ దగ్గర బీటా వర్ణపటాల మీద పనిచేశారు. తిరిగొచ్చి 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక పరిశోధనను నిలబెట్టారు. వాల్తేరులో ఆ ప్రయోగశాలలు ఇవాళ ఆయన పేరుతోనే ఉన్నాయి. 1969లో కన్నుమూశారు. కాషాయం కట్టుకున్న మనిషి ఎలక్ట్రాన్ల శక్తిని అంత నిక్కచ్చిగా కొలవడంలో నాకు వింతేమీ కనిపించదు. రెండింటికీ కావలసింది ఏకాగ్రతే.

● సిరిసిల్లలో సాంచ నడిపే వాళ్లకు ఓ న్యూట్రినో డిటెక్టర్ పనితీరు చెప్పడం తేలిక. తమిళనాడులో తేని జిల్లా బోడి కొండల కింద కట్టాలనుకున్న ఇండియా బేస్డ్ న్యూట్రినో అబ్జర్వేటరీలో ముఖ్యమైన భాగం రెసిస్టివ్ ప్లేట్ ఛాంబర్. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న గాజు పలకలు రెండు తీసుకుంటారు. ఒక్కోటి మూడు మిల్లీమీటర్ల మందం. మధ్య రెండు మిల్లీమీటర్ల సందు వదిలి, గాలి చొరకుండా అంచులు మూస్తారు. ఆ సందులోకి గ్యాస్ పంపుతారు. అందులో అధిక భాగం కార్ల ఏసీలో, ఫ్రిజ్‌లో వాడే ఆర్-134ఏ. గాజుకు బయటి వైపు గ్రాఫైట్ పూసి, దాదాపు పది వేల వోల్టుల కరెంటు పెడతారు.

మ్యువాన్ ఒకటి ఇందులోంచి పోయిందనుకోండి. గ్యాస్‌లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి వోల్టేజీకి పరుగెత్తి మరిన్నిటిని ఊడగొడతాయి. ఈ మొత్తం సెకనులో వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతుల్లో అయిపోతుంది. గాజుకు పైన మూడు సెంటీమీటర్ల వెడల్పు రాగి పట్టీలు ఒక దిశలో, కింద అలాంటివే అడ్డదిశలో పరిచి ఉంటాయి. పైన ఏ పట్టీలో సంకేతం వచ్చిందో, కింద ఏ పట్టీలో వచ్చిందో చూస్తే చాలు. బట్టలో ఎక్కడ పోగు తెగిందో పడుగునూ పేకనూ చూసి చెప్పినట్టే, కణం ఎక్కడ దాటిందో చెప్పేయొచ్చు.

ఇలాంటి ఛాంబర్లు దాదాపు 29 వేలు, వాటి మధ్య 5.6 సెంటీమీటర్ల మందం ఇనుప పలకలు 150 వరసలు, మొత్తం బరువు 50,000 టన్నులు. ఇనుముకు అయస్కాంతత్వం ఇస్తే ధన మ్యువాన్ ఓ పక్కకు, రుణ మ్యువాన్ ఇంకో పక్కకు వంగుతాయి. వచ్చింది న్యూట్రినోనా యాంటీన్యూట్రినోనా అన్నది అలా తెలుస్తుంది. మూడు రకాల న్యూట్రినోల బరువులు ఏ వరసలో ఉన్నాయన్న ప్రశ్నకు జవాబు అందులోంచే రావాలి.

2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం సుమారు 1,500 కోట్లతో దీన్ని ఆమోదించింది. స్థానికుల వ్యతిరేకత, అడవి అనుమతులు, కోర్టు కేసుల మధ్య సొరంగం పని మొదలే కాలేదు. మదురైలో 85 టన్నుల చిన్న నమూనా మాత్రం పనిచేసింది. న్యూట్రినోల వల్ల ఎవరికీ హాని లేదు, ఆ భయాన్ని ఇంతకు ముందే పోగొట్టి ఉండాల్సింది. కొండను పేల్చడం గురించీ, నీళ్ల గురించీ, పులులు తిరిగే దారి గురించీ ఊళ్లవాళ్లు అడిగిన ప్రశ్నలు మాత్రం న్యాయమైనవే. శాస్త్రవేత్తలు మొదటి రోజే ఆ ఊళ్లలో కూర్చుని జవాబులు చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేదని నా నమ్మకం.

● జపాన్‌లోని సూపర్-కామియోకాండే అంటే గని అడుగున 50,000 టన్నుల స్వచ్ఛమైన నీళ్ల తొట్టి, చుట్టూ పదకొండు వేలకు పైగా పెద్ద గాజు కాంతి గొట్టాలు. న్యూట్రినోలు ఒక రకం నుంచి ఇంకో రకంలోకి మారతాయని, అంటే వాటికి బరువు ఉందని, 1998లో చెప్పింది ఇదే. 2001 నవంబరులో ఒక్క గొట్టం పగిలింది. ఆ అదురుకు పక్కది, దాని అదురుకు ఇంకోటి పగులుతూ, క్షణాల్లో దాదాపు ఏడు వేల గొట్టాలు పోయాయి. మిగిలినవాటిని సర్ది, ఒక్కోదానికీ రక్షణ తొడుగు వేసి, దాదాపు ఏడాదిలో మళ్లీ నడిపించారు.

● విశ్వంలోని పదార్థంలో మనకు కనపడేది ఆరో వంతు లోపే. మిగతాదాన్ని డార్క్ మ్యాటర్, కృష్ణ పదార్థం అంటున్నాం. 1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా అనే గెలాక్సీల గుంపును చూసి, కనపడే నక్షత్రాల బరువు ఈ గెలాక్సీలను పట్టి ఉంచడానికి చాలదన్నాడు. నలభై ఏళ్ల తర్వాత అదే కోమా గుంపు గురించి ఆర్. కౌశిక్, జె. మెక్‌క్లెలాండ్ ఓ మాటన్నారు. న్యూట్రినోలకు బరువుంటే, కనపడని ఆ పదార్థం అవే కావచ్చు కదా అని. న్యూట్రినోలు మరీ తేలికని, అవి ఒక్కటే చాలవని తర్వాత తేలింది. అయినా కనపడని కణాలతో కనపడని బరువును లెక్కగట్టే దారి వేసినవాళ్లలో వాళ్లు ముందువరసలో ఉన్నారు.

ఇక్కడ మళ్లీ కోలార్ వస్తుంది. ఆ గనిలోనే కొన్ని అర్థంకాని ఘటనలు నమోదయ్యాయి. గాలి తప్ప ఏమీ లేని సందులోంచి ఒకేచోట నుంచి రెండు మూడు జాడలు విడిపోయి కనిపించాయి. ఏదో కనపడని బరువైన కణం ఆ సందులో విచ్ఛిన్నమైనట్టు. 1975లో వాటిని ప్రకటించారు. వేరే ఏ ప్రయోగంలోనూ అలాంటివి ఖాయంగా దొరకలేదు. 2014లో ఎం.వి.ఎన్. మూర్తి, జి. రాజశేఖరన్ పాత కాగితాలు మళ్లీ తీసి, ఇవి డార్క్ మ్యాటర్ కణం క్షయమైన జాడలు కావచ్చా అని అడిగారు. జవాబు తేలాలంటే అంత లోతున మళ్లీ డిటెక్టర్ పెట్టాలి.

పెట్టడానికి ఆ చోటు లేదు. ప్రోటాన్ క్షయం కోసం 1980లో మొదలైన ప్రయోగంతో కలిపి కోలార్‌లో పరిశోధన 1990ల మొదట్లోనే ఆగిపోయింది. 2001లో గనులు మూశారు. నీళ్లు నిండాయి. అమెరికాలో హోమ్‌స్టేక్ బంగారు గని కథ ఇంచుమించు ఇలాగే మొదలైంది. 1960లలో రే డేవిస్ సూర్యుడి న్యూట్రినోలను లెక్కపెట్టిన గని అది. 2003లో పంపులు ఆపేస్తే అదీ మునిగింది. కానీ వాళ్లు ఆ నీళ్లు తోడి, గనిని ప్రయోగశాలగా మార్చారు. ఇవాళ దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల లోతున పది టన్నుల ద్రవ జినాన్‌తో ఎల్‌జెడ్ అనే డిటెక్టర్ డార్క్ మ్యాటర్ కోసం కాపలా కాస్తోంది. మనకు అంతకన్నా లోతైన గని ఉండేది. దాన్ని వదులుకున్నాం. జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున 2017లో ఓ చిన్న ప్రయోగశాల తెరిచారు. డార్క్ మ్యాటర్ వేట మన దేశంలో అక్కడ సాగుతోంది.

● ఇటలీలో ఓ డిటెక్టర్ చుట్టూ కట్టిన కవచంలో రెండు వేల ఏళ్ల నాటి రోమన్ సీసం ఉంది. మునిగిపోయిన ఓడలో దొరికింది. కొత్త సీసంలో ఉండే కొద్దిపాటి రేడియోధార్మికత, అంత పాత సీసంలో ఎప్పుడో అణగిపోయి ఉంటుంది.

● హైదరాబాద్ నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అర్ధ శతాబ్దానికి పైగా పెద్ద పెద్ద బెలూన్లు ఎగరేస్తున్నారు. పలచని పాలిథీన్ పొరతో చేసి, హైడ్రోజన్ నింపుతారు. ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. కింద వేలాడే పెట్టెల్లో విశ్వకిరణాలనో ఎక్స్‌రేలనో కొలిచే పరికరాలుంటాయి. పనయ్యాక అవి పారాచూట్‌తో దిగుతాయి. గాలి ఎటు తోస్తే అటు, పొలమైనా చెరువు కట్టయినా. ఎగరేసే ముందు పత్రికల్లో ప్రకటన వేసి, ఏయే జిల్లాల్లో పడవచ్చో చెబుతారు. మీ వరి పొలంలో అలాంటిదొకటి దిగితే విప్పకండి, తీగలు లాగకండి. కొన్నిట్లో హై వోల్టేజీ ఉండొచ్చు. పైన రాసి ఉన్న చిరునామాకో పోలీసులకో చెప్పండి, బహుమతి ఇస్తారు. అంతకన్నా ముఖ్యం, లోపల నమోదైన కొలతలు చెదిరితే ఎవరో ఏళ్ల తరబడి చేసిన కష్టం పోతుంది.

● హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్ వాళ్లు అమెరికాలోని నోవా ప్రయోగంలో భాగస్వాములు. షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్ నుంచి వదిలిన న్యూట్రినోలను 810 కిలోమీటర్ల అవతల 14,000 టన్నుల డిటెక్టర్‌తో పడతారు. మధ్యలో సొరంగమేమీ లేదు, నేలలోంచే పోతాయి. లద్దాఖ్‌లోని హన్లేలో 4,270 మీటర్ల ఎత్తున 21 మీటర్ల అద్దంతో నిలిచిన మేస్ గామా టెలిస్కోప్‌ను భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) మన హైదరాబాద్ ఈసీఐఎల్ తోడ్పాటుతో కట్టింది. డార్క్ మ్యాటర్ కణాలు ఒకదానితో ఒకటి ఢీకొని గామా కిరణాలుగా మారుతున్నాయేమోనని వెతకడానికి కూడా అది పనికొస్తుంది.

● కణాల జాడలను కంటితో చూడాలంటే గని అక్కర్లేదు. సైన్స్ టీచరు తోడుంటే బడిలోనే క్లౌడ్ ఛాంబర్ చేసుకోవచ్చు. పారదర్శకమైన పెట్టె ఒకటి, దాని లోపల పైకప్పుకు అంటించిన మందపాటి ఉన్నిగుడ్డ, దాన్ని తడపడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అడుగున నల్ల రంగేసిన లోహపు పలక, ఆ పలక కింద డ్రై ఐస్. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలుంటుంది కాబట్టి మందపాటి చేతితొడుగులు తప్పనిసరి, గది కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. పావుగంట ఆగి, లైట్లు ఆర్పి, పక్కనుంచి టార్చి వేస్తే అడుగున సన్నటి తెల్లని గీతలు పుట్టి చెదిరిపోతుంటాయి. మరో రకం క్లౌడ్ ఛాంబర్‌ను కనిపెట్టినందుకు సి.టి.ఆర్. విల్సన్ 1927లో నోబెల్ అందుకున్నాడు, అలాంటిదానితోనే కార్ల్ ఆండర్సన్ 1932లో పాజిట్రాన్‌ను కనుక్కున్నాడు.

గీతలను బట్టి పోల్చుకోవచ్చు. పొట్టిగా, మందంగా ఉంటే ఆల్ఫా కణం, చాలామటుకు గదిలోని రాడాన్ నుంచి వచ్చింది. సన్నగా, సూటిగా పెట్టె ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోతే మ్యువాన్. వంకరటింకరగా తిరిగితే తక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్. వాటిలో కొన్ని బీటా క్షయంలో పుట్టినవి అయి ఉంటాయి. అలాంటి ఒక్కో దానితో పాటు ఓ యాంటీన్యూట్రినో కూడా బయలుదేరి ఉంటుంది, దాని గీత మాత్రం పెట్టెలో పడదు.